విమానం చట్రంలో నవధాన్యాలు

మా రేపల్లె సత్సంగంలో ప్రతి శనివారం పురాణం చెప్పేది నేనే. ఈ మధ్య ఒక శనివారం పీట ఖాళీగా ఉండేసరికి, ఏ క్షేత్రానికి వెళ్ళొచ్చారు, ప్రసాదం ఏదీ అని అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని వాళ్ళకీ, ఆ వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకీ కలిపి ఇది రాస్తున్నాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తిరిగాను. దర్శనాలు రెండే అయ్యాయి. మిగతా కాలమంతా ఒక అల్యూమినియం చట్రం చుట్టూ తిరిగాను. అందులో ఎవరి తప్పు ఎంతో కూడా దాచకుండా రాస్తాను.

బస్సులో అనపకాయలు

బెంగుళూరులో ఎక్కిన బస్సులో సీటు దొరికిందని సంతోషించాను. ఆ సంతోషం దేవనహళ్ళి దాకానే. అక్కడ ఒకామె అనపకాయల మూట ఎత్తుకుని ఎక్కి, ఏమీ అడక్కుండా నా పాదాల మీద దించింది.

"కాళ్ళు కొంచిం మడుచుకో సామీ. కాయ నలిగితే సంతలో ఎవురూ తీసుకోరు."

"నా కాళ్ళు నలిగితేనో?"

"కాళ్ళు మళ్ళా బాగైతాయిలే."

బస్సంతా నవ్వింది. నా నామం చూసి ఆమె నన్ను ఏదో మఠం స్వామి అనుకుంది. కాదమ్మా, తపాలా ఆఫీసులో చేసి రిటైరయ్యాను అంటే నమ్మలేదు. గుప్పెడు కాయలు నా చేతిలో పోసి వాసన చూడమంది. వేళ్ళకి ఒకలాంటి జిడ్డు వాసన అంటుకుంది. మంచు పడ్డ చేలో కాయకే ఆ వాసన ఉంటుందట, అది లేకపోతే గింజల తొక్క పితికి చారులా కాచే పితికిపప్పు సారుకి పనికిరాదట. మనవైపు చిక్కుడుకాయని ఇలా ముక్కుతో బేరం చెయ్యరు. చిక్కబళ్ళాపురంలో దిగేసరికి నా కుడికాలు తిమ్మిరెక్కి, స్తంభం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

చిక్కబళ్ళాపురం: శ్రీనివాసులు షెడ్డు

మా చెల్లెలి కూతురు పద్మ కాపురం ఇక్కడే. ఆమె భర్త శ్రీనివాసులుకి ఊరి చివర వెల్డింగు షెడ్డుంది. పదిహేనేళ్ళుగా అంగళ్ళకి షట్టర్లు, ద్రాక్షతోటలకి ఇనప పందిళ్ళు చేసేవాడు. ఈ ఏడు అతని చేతికి వేరే పని వచ్చింది. అది శుభంగా గడవాలని, నాలుగు మంత్రాలు చదివి వెళ్ళమని పిలిచాడు. నేను కైవార, గడిదం గుళ్ళు చూడొచ్చని ఒప్పుకున్నాను.

షెడ్డు గుమ్మంలోనే నా ఫోను లాక్కుని బీరువాలో పెట్టాడు. కళ్ళజోడు కూడా తీసుకుంటావా అని అడిగాను. వినిపించుకోలేదు. లోపల మంచానికి రెండింతల పొడవుండే తెల్లటి చట్రం ఒకటి దిమ్మల మీద ఉంది.

"సైన్యం సరుకుల విమానం ఉండాది గదా మామా," అని మొదలుపెట్టాడు. "బియ్యం, మందులు, జవాన్లు, అన్నీ మోస్తాది. దానికే ఒగోసారి కాపలా పని పడతాది. సముద్రంలో పడవ తప్పిపోయిందనుకోండి, వరదలో ఊరు మునిగిందనుకోండి, సరిహద్దులో ఎవురో తిరగతాండారనుకోండి, పైనుంచి చూడల్ల. అందుకని ఇంగో విమానం కొనల్లంటే అయ్యే పనేనా? ఇట్లాంటి చట్రం మీద కెమెరా పెట్టెలు, తెరలు, చూసేవాళ్ళకి రెండు కుర్చీలు బిగించి సిద్ధంగా పెట్టుకుంటారు. వెనక తలుపు తెరిచి, నేలమీది పట్టాల్లో దొర్లించి, గొళ్ళేలు ఏస్తే కాపలా విమానం. పని అయినంక దించేస్తే మళ్ళా బియ్యం విమానం."

"నువ్వు చేసేది?"

"వట్టి చట్రమే మామా. పైవన్నీ బెంగుళూరులో పెద్ద కంపెనీవాళ్ళు బిగిస్తారు."

ఇది అతని మొదటి చట్రం. మూడోరోజు తనిఖీ, ఐదోరోజు సాయంత్రం లారీ. ఇది పాసైతే మిగతా చట్రాలన్నీ అతనికే. కాకపోతే ఆ పని ఇంకో ఊళ్ళో ఇంకొకరికి. అతను పందిళ్ళకి తిరిగి పోవాలి, ఈ పని కోసమే నేర్పి పెట్టుకున్న ఆరుగురు మనుషుల్ని పంపెయ్యాలి. ఈ మాట నాకు మొదటి గంటలోనే మూడుసార్లు చెప్పాడు. కాబట్టి నాకు తెలియదని నేను అనలేను.

ఆ ఆరుగురిలో పెద్దవాడు మునిశామప్ప. బట్లహళ్ళి మనిషి, అరవై దగ్గరపడ్డాడు, చేతులు మాత్రం వణకవు. ఆ మధ్యాహ్నం చట్రం నడిమి గొట్టం చివరలు మూస్తున్నాడు. శ్రీనివాసులు బయట ఫోన్లో ఎవరితోనో వాదిస్తున్నాడు. నేను సంచీలోంచి పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట తీశాను. నవధాన్యాలు, బీజాక్షరాలు చెక్కించిన రాగిరేకు. ఇల్లు కట్టినా గడప కింద వేస్తాం, దేవుణ్ణి ప్రతిష్ఠించినా పీఠం కింద వేస్తాం. దీనిమీద ఇన్ని వస్తువులు నిలబడాలి కదా, దీనికి మాత్రం అడుగున రక్ష వద్దా అనుకున్నాను.

మునిశామప్ప రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "మా పల్లెల్లో కూడా గడప కింద ఏస్తాం సామీ. ఈటికి ఎవురూ ఏస్తాండ్లేదే అని నాకూ మనసులో ఉండాది." గొట్టంలోకి జారవిడవబోతూ ఆగాడు. "ఓనరుకి ఒగమాట చెప్పల్లేమో?"

"దేవుడి పనికి పర్మిషన్లేంటప్పా," అన్నాను.

వేశాడు. మూత పెట్టి అతుకు వేశాడు. సాయంత్రం చట్రాన్ని రంగు వెయ్యడానికి చింతామణి పంపించారు.

బాగేపల్లి: సంగటి, టార్పాలిన్

రెండోరోజు శ్రీనివాసులుతో బాగేపల్లి వెళ్ళాను. ముందు గడిదం గుడికి పోదామన్నాడు. వెళ్ళేసరికి తలుపు వేస్తున్నారు. మనిషి వెంకటరమణస్వామి దర్శనానికి ఇంత దూరం వస్తే పూజారి తాళాల గుత్తి చేతిలో పట్టుకుని, "ఇంగో అరనిమిషం ముందొచ్చుంటే" అంటాడు! అయినా పాపం తలుపు మళ్ళీ తీశాడు. హారతి ఇచ్చి, మాది ఏ ఊరో అడిగి, "ఆ పక్క సంగటి తినరంట గదా, ఎట్ల బతుకుతాండారు?" అన్నాడు.

ఎలా బతుకుతున్నామో ఆ మధ్యాహ్నం హోటల్లో తేలింది. అరిటాకులో రాగి ముద్ద, ఉప్పుసారు, పక్కన వెల్లుల్లి మిరపకాయ కారం. అరవై రూపాయలు, సారు ఎంతైనా పోస్తారు. నేను ముద్ద తుంచి నమలడం మొదలుపెట్టాను. అది పళ్ళకీ అంగిలికీ అతుక్కుని కదల్లేదు. వడ్డించే ఆమె నా ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నమలకూడదప్పా! సారులో ముంచి మింగెయ్యల్ల."

"గొంతుకి అడ్డం పడితే?"

"మా పిల్లోళ్ళకి పడదు, మీకు పడతాదా?"

మింగాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. కారం వల్లేనని ఆమెకి చెప్పాను. చివర్లో జాలిపడి ఒక గరిటె అన్నం వేసింది.

అక్కణ్ణుంచి లారీలకి టార్పాలిన్లు కుట్టే బాషా సాబ్ అంగడికి వెళ్ళాం. చట్రం మీద కప్పే గుడ్డ ఆయనే కుడుతున్నాడు. కొలత వెంట్రుక తేడా లేకుండా సరిపోయింది. అయితే అంచు చుట్టూ ఎర్రటి కుచ్చులు వేలాడుతున్నాయి. దిష్టి తగలకుండా లారీలకి కట్టే కుచ్చులు.

శ్రీనివాసులు తల పట్టుకున్నాడు. "బాషా సాబ్, ఇది యేమిది?"

"విమానానికి గదప్పా. లారీకే ఏస్తాం, దానికి ఏయకుంటే నాకు మర్యాదగా ఉంటాదా? దుడ్డు వద్దులే, నా సంతోషం."

"దారప్పోగు గూడా ఊడకూడదు సాబ్ విమానంలో! ఒగ పోగు ఊడి తీగెల్లో చుట్టుకుంటే యేమైతాది? ఒగ చిన్న స్క్రూ లోపల మిగిలితే, విమానం ఊగినప్పుడు అది పోయి యాడ ఇరుక్కుంటాదో ఎవురికి తెలుసు? మా షెడ్డులో పని అయినంక ప్రతి పనిముట్టూ చూసి, లోపల యేమీ మిగల్లేదని రాసి సంతకం చేస్తాం."

"లోపల మిగిలితేనో?" అని అడిగింది నేను.

"మనుషులు పోతారు మామా."

బాషా సాబ్ విసుక్కుంటూ కత్తెర తీసుకుని కుచ్చులు కోసేశాడు. నేను స్టూలు మీద కూర్చుని టీ చేతిలో పట్టుకున్నాను, తాగలేదు. గింజలు ఎంత ఉంటాయి, రెండు చివరలా మూసిన గొట్టంలోంచి ఎక్కడికి పోతాయి, రాగిరేకు కాగితమంత పల్చన కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మునిశామప్ప కూడా సంతకం పెట్టే ఉంటాడని తోచి, ఆ ఆలోచన పక్కకి తోసేశాను. ఆ సాయంత్రం తిరిగి వస్తూ శ్రీనివాసులు నాకు ద్రాక్షతోటలు చూపిస్తూనే ఉన్నాడు. పెదవి విప్పడానికి గంటన్నర ప్రయాణం చాలదా? విప్పలేదు. పురాణంలో సత్యవాక్యం గురించి రెండు శనివారాలు చెప్పినవాణ్ణి.

కైవార

మూడోరోజు చింతామణి వెళ్ళే దారిలో కైవారలో ఆగాం. ఏదో ఊరేగింపు ముగిసినట్టుంది. వాహనం మీద నుంచి ఉత్సవమూర్తిని దించడానికి ఇద్దరు తాళ్ళు విప్పుతున్నారు. ఒకాయన ముడి విప్పుతూ, ఇంకొకాయన విప్పిన తాడు చుట్ట చుట్టి భుజానికి తగిలించుకుంటూ, వెతికినా ఒక్క పీలిక కూడా దొరక్కుండా తీస్తున్నారు.

నాకు అక్కడే ఒళ్ళు మండిపోయింది. మండింది నామీదే. మూలవిరాట్టు కదలదు కాబట్టి పీఠం కింద యంత్రం వేస్తాం. ఉత్సవమూర్తి ఎక్కుతుంది, దిగుతుంది. వాహనం అడుగున ఎవరైనా ఏమైనా పాతిపెడతారా? కట్టడం, విప్పడం, అంతే. శ్రీనివాసులు మొదటిరోజే చెప్పాడు, ఎక్కించేదీ దించేదీ అని. ముప్పై ఏళ్ళుగా ఆగమం గురించి మాట్లాడే నేను వాహనానికి గడప శాస్త్రం పట్టించాను. అది ఇంజనీర్ల లెక్కలోనే కాదు, మా లెక్కలో కూడా తప్పే.

అక్కడ చెప్పేద్దామని, "శ్రీనివాసులూ," అన్నాను.

"బిరబిరా రండి మామా, తనిఖీ మేడం వచ్చేసుంటాది," అని అతను బండెక్కేశాడు.

చింతామణి: నలుగురు ఎత్తిన చట్రం

చింతామణి టమోటా మండీ దగ్గర ఆ పూట లారీలన్నీ అడ్డదిడ్డంగా ఉండి అరగంట కదల్లేదు. బండి నడిపేవాడు దిగి పోయి టీ తాగి వచ్చాడు. దోవలో చెప్పొచ్చని మళ్ళీ అనుకున్నాను. శ్రీనివాసులు కిటికీలోంచి తల బయటపెట్టి అందరినీ తిడుతుంటే ఊరుకున్నాను.

రంగుల షెడ్డులో తనిఖీకి వచ్చిన హేమలత మేడం వయసు ముప్పై దాటి ఉండదు. నాకు నమస్కారం పెట్టి, ఎవరని అడిగి, గీత అవతల నిలబడమంది. కొలతలు చూసింది, అతుకులు చూసింది, ప్రతిదానికీ తల ఊపింది. శ్రీనివాసులు ముఖం వెలిగిపోతోంది. చివరికి నలుగుర్ని పిలిచి, చట్రాన్ని ఒకవైపు ఎత్తమంది.

గలగలమంది.

రెండోవైపు ఎత్తించింది. మళ్ళీ గలగల, దానివెనక రేకు జారిన చప్పుడు. అతుకు వేడికి గుడ్డ మాడి, మూట విడిపోయినట్టుంది.

"ఏన్రీ ఇది?" అంది మేడం కన్నడంలో. తరవాత తెలుగులో, "లోపల యేమి ఉండాది?"

శ్రీనివాసులు, చట్రంతో పాటు వచ్చిన మునిశామప్పని చూశాడు. మునిశామప్ప నేలని చూశాడు. నన్ను మాత్రం చూడలేదు. ఆ పెద్దాయన నా పేరు చెప్పడని, ఉద్యోగం పోయినా చెప్పడని నాకు అర్థమైంది. గీత దాటి ముందుకి వెళ్ళాను.

"నేను ఇచ్చానమ్మా. నవధాన్యాలూ, రాగిరేకూ. ఓనరుకి చెప్పొద్దన్నదీ నేనే."

మేడం తన సంచీ తెరిచింది. తప్పిన సరుకుకి కట్టే ఎర్ర అట్టముక్క తీసి చట్రానికి కట్టింది. "ఆ గొట్టం కోసి అతికితే ఒప్పుకోను. మొత్తం కొత్తది ఏయల్ల. ఐదోరోజు పొద్దున్నే వస్తాను. సిద్ధంగా ఉంటే పని ఉండాది, లేకుంటే లేదు."

ఆమె వెళ్ళాక శ్రీనివాసులు ఆ ఎర్ర అట్టని తిప్పి చూశాడు. "నిన్న బాగేపల్లిలో చెప్పుంటే రంగైనా ఏయకుండా ఆపుతాంటిని గదా మామా. ఒగ దినం మిగులుతాండె." గట్టిగా తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చాక ఆ లోటు పద్మ తీర్చింది. "మీ పురాణం రేపల్లెలో పెట్టుకోండి మామయ్యా. ఆరు కుటుంబాలు ఈయన ముఖం చూసుకుని బతుకుతున్నాయి. మా ఇంటికి రక్ష వెయ్యమని మిమ్మల్నెవరు అడిగారు?"

నేను వచ్చింది అడిగితేనే. కానీ ఆ మాట అనే ముఖం లేదు.

మళ్ళీ చిక్కబళ్ళాపురం

నాలుగోరోజు పొద్దున చట్రం షెడ్డుకి తిరిగొచ్చింది. కొత్త గొట్టం సిద్ధంగా ఉంది. పాతది కొయ్యమంటే మునిశామప్ప రంపం ముట్టుకోలేదు.

"పూజ చేసి మూసింది అప్పా. గడప కింద ఏసింది తీస్తే ఇల్లు నిలబడదు. మేడం చెప్పినా తీయను, నువ్వు చెప్పినా తీయను."

"నిలబడేది ఇల్లు కాదు, నా బతుకు!" అని శ్రీనివాసులు అరిచాడు. మిగతా అయిదుగురూ కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. రంపం బెంచీ మీదే ఉంది. గంటసేపు అలా గడిచింది. ఊళ్ళో ఎంతమందికో ధర్మసందేహాలు తీర్చినవాణ్ణి, ఈ సందేహం తెచ్చిపెట్టింది మాత్రం నేనే. చివరికి లేచి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాను.

"మునిశామప్పా, వినాయకచవితికి మట్టి వినాయకుణ్ణి తెస్తావు. పూజ చేస్తావు. నిమజ్జనానికి తీసేటప్పుడు ఏం చేస్తావు?"

"ఉద్వాసన చెప్పి తీస్తాం."

"చెప్పకుండా తీస్తే దోషం. చెప్పి తీస్తే?"

"చెప్పి తీస్తే... దోషం యేముంది సామీ? ఆయప్ప పోయింటాడు గదా."

"మరి ఇక్కడా అంతే. నేను తప్పు చోట కూర్చోబెట్టాను. నేనే లేపుతాను."

గొట్టం మీద అక్షతలు వేసి, ఇంతకాలం ఇరుకులో కూర్చోబెట్టినందుకు క్షమించమని, స్వస్థానానికి దయచెయ్యమని చెప్పుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని వ్రతాలకి ఉద్వాసన చెప్పానో లెక్కలేదు. తొందరగా, ప్రసాదం వేళ అయిందని, నోటికి వచ్చినట్టు చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం ప్రతి అక్షరం పలికాను. పూర్తవగానే మునిశామప్ప, ఉద్వాసన చెప్పిన విగ్రహాన్ని జరిపినట్టే, చట్రాన్ని ఈశాన్యానికి ఒక వేలెడు జరిపించాడు. తరవాత రంపం తీసుకున్నాడు. మాడిన పసుపు గుడ్డ, పేలిపోయిన పెసలు, నల్లబడ్డ రేకు ఒక పళ్ళెంలో పడ్డాయి. ఒక్క గింజా పోకుండా ఏరారు.

కొత్త గొట్టానికి ఆ రాత్రే రంగు వేయించాక ఆ చట్రం పాసైంది. మేడం ఐదోరోజు పొద్దున నలుగురితోనూ నాలుగుసార్లు ఎత్తించింది. మెత్తగా ఊపిరి తీసుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అది ఎత్తినవాళ్ళ ఊపిరి. లోపలికి వస్తువు ఎలా వెళ్ళిందో కాగితం రాసిమ్మని నన్ను అడిగింది. నేను రెండు పేజీలు రాశాను. "పురాణం వద్దు సార్, ఒగ లైను చాలు," అని వెనక్కిచ్చింది. రాశాను: నేను ఇచ్చాను, పనివాళ్ళ తప్పు లేదు. మునిశామప్పని పనిలోనే ఉంచారు, మందలింపు కాగితం మాత్రం ఇచ్చారు. ఇకమీదట పూజ షెడ్డు గుమ్మం బయట అని శ్రీనివాసులు గోడమీద రాయించాడు. సాయంత్రం లారీ వెళ్ళింది. అతను నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. పద్మ ఇంకా మాట్లాడటం లేదు.

వీటన్నిటికంటే నాకు గుర్తుండేది నాలుగోరోజు మధ్యాహ్నం. కొత్త గొట్టం బిగించి, మూత పెట్టే ముందు మునిశామప్ప మూత చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"కాగితంలో రెండు సంతకాలు పడల్ల. మూసేవాడిది ఒగటి, చూసినవాడిది ఒగటి. సామి చూస్తేనే నేను మూస్తా."

బయటివాళ్ళ సంతకం చెల్లదని శ్రీనివాసులు అన్నాడు. చెల్లే సంతకం నువ్వు పెట్టుకో, పక్కన సామిది గూడా పడల్ల అన్నాడు పెద్దాయన. టార్చి నా చేతికి వచ్చింది.

దేవుడు లేని చోటు లేదని, అణువులోనూ ఉన్నాడని ముప్పై ఏళ్ళుగా మైకు ముందు చెప్తున్నవాణ్ణి. ఇప్పటికీ అదే నమ్ముతాను, రేపు శనివారం అదే చెప్తాను. మోకాళ్ళ మీద వంగి, ఒక కన్ను మూసి, ఆ గొట్టంలోకి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాను. తెల్లగా, నున్నగా ఉంది. మళ్ళీ చూశాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని 'లోపల ఏమీ లేదు' అని రాసి సంతకం చేశాను.

"బాగా చూస్తిరా సామీ?"

"చూశాను. మూసెయ్యి."